హోస్టింగ్ సర్వర్‌కు కంట్రోల్ ప్యానెల్ ఎంపిక

వెబ్ హోస్టింగ్ కంట్రోల్ ప్యానెల్ అంటే సర్వర్‌లోని వెబ్‌సైట్లు, డొమైన్లు, ఈమెయిల్ అకౌంట్లు, డేటాబేసులు, బ్యాకప్‌ల వంటివాటిని బ్రౌజర్‌లోంచే నడుపుకోవడానికి వీలిచ్చే సాఫ్ట్‌వేర్. లైనక్స్ కమాండ్లు రానివాళ్ళు దీనితో సొంతంగా సైటు పెట్టుకోగలరు. వచ్చినవాళ్ళకు చేసిందే మళ్ళీ మళ్ళీ చేసే శ్రమ తప్పుతుంది. సీప్యానెల్, ప్లెస్క్, డైరెక్ట్‌అడ్మిన్ లైసెన్సు కొని వాడేవి. వెబ్‌మిన్ మీద కట్టిన వర్చువల్‌మిన్, ఐఎస్‌పీకాన్ఫిగ్, హెస్టియా వంటివి సోర్స్ కోడ్‌తో సహా ఉచితంగా దొరుకుతాయి. వీటిలో దేన్ని ఎంచుకోవాలన్న చర్చ సాధారణంగా మూడు విషయాల చుట్టూ తిరుగుతుంది: తెర చూడ్డానికి ఎలా ఉంది, సదుపాయాలు ఎన్ని ఉన్నాయి, నెలకు ఎంత అవుతుంది. మూడూ చూడాల్సినవే. అయితే గత పాతికేళ్ళలో ఈ రంగంలో జరిగినవాటిని వరసగా పేర్చి చూస్తే, సర్వర్ నడిపేవాళ్ళను నిజంగా చిక్కుల్లో పడేసింది వేరే విషయమని తెలుస్తుంది. పెట్టుకున్న ప్యానెల్‌ను వదిలి వెళ్ళాల్సిన రోజు వచ్చినప్పుడు వెళ్ళగలిగారా లేదా అన్నది ఆ విషయం. అందుకే ప్యానెల్‌ను ఎంచేముందు దాన్నుంచి బయటపడే దారి ఏమిటో చూడాలి, మిగతా లెక్కలన్నీ ఆ తర్వాత వేసుకోవాలి అన్నది ఈ వ్యాసం చేసే వాదన.

ప్యానెల్ లోపల జరిగే పనిని దగ్గరగా చూస్తే ఈ మాట ఎందుకు అనాల్సి వచ్చిందో అర్థమవుతుంది. సీప్యానెల్ ఉన్న సర్వర్‌లో కొత్త అకౌంట్ తెరిచారనుకుందాం. నొక్కింది ఒక్క బటనే. వెనకాల మాత్రం లైనక్స్‌లో కొత్త యూజర్ ఏర్పడతాడు. అతని హోమ్ డైరెక్టరీలో వెబ్ ఫైళ్ళు పెట్టే ఫోల్డర్ వస్తుంది. అపాచీ కాన్ఫిగరేషన్‌లో ఆ డొమైన్‌కు వర్చువల్ హోస్ట్ చేరుతుంది. డీఎన్ఎస్ జోన్ ఫైలు తయారై అందులో ఏ రికార్డు, ఎంఎక్స్ రికార్డు, ఎస్‌పీఎఫ్ వివరం చెప్పే టెక్స్ట్ రికార్డు పడతాయి. ఎగ్జిమ్ మెయిల్ సర్వర్ ఆ డొమైన్‌ను తన స్థానిక డొమైన్ల జాబితాలో రాసుకుంటుంది. ఇంత పొడుగు గొలుసులో ఒక్క లింకు తప్పినా ఏమవుతుందో చెప్పే ఉదాహరణ ఒకటి తరచూ ఎదురవుతుంది. ఒక సంస్థ తన మెయిల్‌ను గూగుల్‌కు మార్చుకుంది గానీ డొమైన్ పేరు మాత్రం పాత సర్వర్‌లో స్థానిక జాబితాలోనే ఉండిపోయింది. బయటివాళ్ళు పంపే మెయిళ్ళన్నీ సక్రమంగా గూగుల్‌కు చేరతాయి. అదే సర్వర్‌లో ఉన్న వెబ్‌సైటు ఫారం నుంచి వెళ్ళే మెయిళ్ళు మాత్రం గడప దాటవు. ఎవరూ తెరవని స్థానిక మెయిల్‌బాక్సులో పోగుపడతాయి, లేదా అలాంటి అడ్రసే లేదని వెనక్కి తిరిగొస్తాయి. సైటు పనిచేస్తూనే ఉంటుంది, కస్టమర్‌కు ధన్యవాదాల పేజీ కనిపిస్తూనే ఉంటుంది, ఆర్డర్లు మాత్రం అందవు. తప్పు ఎక్కడుందో కనిపెట్టాలంటే ప్యానెల్ తన తరఫున ఏయే ఫైళ్ళలో ఏం రాసిందో తెలిసినవాళ్ళు కావాలి.

ఇక్కడే ప్యానెళ్ళ మధ్య అసలైన తేడా బయటపడుతుంది. కొన్ని ప్యానెళ్ళు కాన్ఫిగరేషన్ ఫైళ్ళను తమ సొత్తుగా భావిస్తాయి. సీప్యానెల్ తయారుచేసే అపాచీ ఫైలు పైభాగంలోనే, దీన్ని చేత్తో మార్చవద్దు, ఇది ఆటోమేటిక్‌గా తయారైంది అన్న హెచ్చరిక ఉంటుంది. ఎవరైనా మారిస్తే తర్వాతి సారి ఫైలు తిరగరాసినప్పుడు ఆ మార్పు పోతుంది. సొంత మార్పులు పెట్టుకోవడానికి వేరే ఇన్‌క్లూడ్ ఫైళ్ళు కేటాయించి ఉంటాయి. ఐఎస్‌పీకాన్ఫిగ్‌లో అసలు సమాచారమంతా మైఎస్‌క్యూఎల్ డేటాబేసులో ఉంటుంది. నిమిషానికోసారి నడిచే ఒక ప్రోగ్రాం దాన్ని చదివి ఫైళ్ళలోకి దింపుతుంది. వెబ్‌మిన్ పద్ధతి దీనికి భిన్నం. అది సిస్టంలో ముందే ఉన్న ఫైళ్ళను చదివి, అవసరమైన చోటే దిద్ది, చేత్తో రాసిన వ్యాఖ్యలనూ మార్పులనూ వీలైనంతవరకు అలాగే ఉంచుతుంది. మొదటి పద్ధతిలో పొరపాట్లు తక్కువ, ఎందుకంటే ఫైలు ఎప్పుడూ ఒకే అచ్చులోంచి వస్తుంది. రెండో పద్ధతిలో ప్యానెల్‌ను తీసేసినా సర్వర్ నడుస్తూనే ఉంటుంది, ఎందుకంటే మిగిలేవి మామూలు లైనక్స్ ఫైళ్ళే. సీప్యానెల్‌ను పెట్టడానికి ఖాళీ ఆపరేటింగ్ సిస్టం కావాలి. తీసేయడానికి కంపెనీ ఎలాంటి అన్‌ఇన్‌స్టాలర్‌నూ ఇవ్వదు. సర్వర్‌ను ఫార్మాట్ చేసి మళ్ళీ మొదలుపెట్టమనే చెబుతుంది. ఈ ఒక్క విషయం కొనేముందే తెలిసి ఉంటే చాలామంది నిర్ణయం వేరేగా ఉండేది, కనీసం సిద్ధపాటు వేరేగా ఉండేది.

ప్యానెల్ ఎల్లకాలం ఒకే చేతిలో ఉంటుందన్న నమ్మకానికి చరిత్రలో ఆధారం దొరకదు. 1990ల చివర్లో కోబాల్ట్ నెట్‌వర్క్స్ అనే సంస్థ రాక్ పేరుతో చిన్న సర్వర్ పెట్టెలు అమ్మేది. వెబ్ ద్వారా నడిపే ప్యానెల్ ఆ పెట్టెలోనే కలిసి వచ్చేది. హోస్టింగ్ కంపెనీలు వాటిని బాగా ఆదరించాయి. 2000లో సన్ మైక్రోసిస్టమ్స్ సుమారు 200 కోట్ల డాలర్ల విలువైన షేర్లిచ్చి కోబాల్ట్‌ను కొన్నది. మూడేళ్ళు తిరిగేసరికి ఆ సరుకును ఆపేసింది. పెట్టెలు మిగిలాయి, అప్‌డేట్లు ఆగిపోయాయి. ఆ కోడ్‌లో కొంత బహిరంగంగా విడుదల కావడంతో బ్లూక్వార్ట్జ్, తర్వాత బ్లూఆనిక్స్ పేర్లతో ఔత్సాహికులు దాన్ని బతికించుకున్నారు. ప్లెస్క్ రష్యాలోని నోవొసిబిర్స్క్ ప్రోగ్రామర్ల చేతుల్లో పెరిగి, 2003లో ఎస్‌డబ్ల్యూసాఫ్ట్ కిందికి వెళ్ళింది. ఆ సంస్థ 2008లో ప్యారలల్స్ అయింది. 2015లో ప్లెస్క్ ఉన్న విభాగానికి ఓడిన్ అన్న పేరొచ్చింది. చివరికి 2017లో ఓక్లీ క్యాపిటల్ అనే బ్రిటిష్ పెట్టుబడి సంస్థ ప్లెస్క్‌ను తీసుకుంది. 1996లో ఒక చిన్న హోస్టింగ్ కంపెనీ సొంత అవసరానికి పుట్టి, తర్వాత టెక్సస్‌లోని హ్యూస్టన్ కేంద్రంగా ఎదిగిన సీప్యానెల్‌ను కూడా 2018లో అదే ఓక్లీ బృందం కొన్నది. అంతవరకు మార్కెట్లో ఒకదానితో ఒకటి పోటీపడ్డ రెండు పెద్ద ప్యానెళ్ళు ఒకే యజమాని చేతికొచ్చాయి. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ డబ్ల్యూహెచ్‌ఎంసీఎస్ కూడా తర్వాత వెబ్‌ప్రోస్ అన్న అదే గుంపులో చేరింది.

దీని ఫలితం మరుసటి ఏడాదే కనిపించింది. అంతవరకు సీప్యానెల్ లైసెన్సు సర్వర్ లెక్కన ఉండేది. సొంత మెషీన్‌కు నెలకు 45 డాలర్లు కడితే అందులో ఎన్ని అకౌంట్లయినా పెట్టుకోవచ్చు. 2019 జూన్ చివర్లో కంపెనీ ఈ పద్ధతి మార్చి అకౌంట్ల లెక్కన వసూలు చేస్తామని ప్రకటించింది. సెప్టెంబరు నుంచి అమలు అన్నది. కొత్త ధరల పట్టికలో 45 డాలర్లకు 100 అకౌంట్లే వచ్చాయి. ఆపైన ఒక్కో అకౌంట్‌కు 20 సెంట్లు. ఒకే సర్వర్‌లో 1,000 చిన్న సైట్లు పెట్టుకున్న రీసెల్లర్ లెక్క వేస్తే నెల బిల్లు 45 నుంచి 225 డాలర్లకు, అంటే అయిదింతలకు చేరుతుంది. అతని ఆదాయంలో ఏ మార్పూ లేదు, సర్వర్‌లో ఏ మార్పూ లేదు. తక్కువ ధరకు ఎక్కువ సైట్లు అన్న సూత్రం మీద బతికే చిన్న హోస్టింగ్ వ్యాపారానికి ఇది తట్టుకోలేని దెబ్బ. రెండు నెలల గడువులో వందల అకౌంట్లను మరో ప్యానెల్‌కు తరలించాలంటే రాత్రింబవళ్ళు కూర్చోవాలి. కొందరు డైరెక్ట్‌అడ్మిన్‌కు వెళ్ళారు, కొందరు పెరిగిన ధరను కస్టమర్లకు బదిలీ చేశారు. ఆ తర్వాతి సంవత్సరాల్లోనూ ధర దాదాపు ఏటా పెరుగుతూనే వచ్చింది.

ఇక్కడ బలమైన అభ్యంతరం ఒకటి వస్తుంది. బయటపడే దారే ముఖ్యమైతే, సీప్యానెల్‌కు మించినది లేదు గదా అని ఎవరైనా అడగవచ్చు. అందులో నిజం ఉంది. సీప్యానెల్ ఒక అకౌంట్‌ను మొత్తంగా ఒక్క టార్ ఫైలులో కట్టి ఇస్తుంది. అందులో వెబ్ ఫైళ్ళు, డేటాబేసులు, మెయిళ్ళు, డీఎన్ఎస్ జోన్, పాస్‌వర్డ్ హ్యాష్‌లు అన్నీ ఉంటాయి. వాడకం విస్తృతం కావడంతో ఆ ఫైలును చదవగలిగే సాధనాలను డైరెక్ట్‌అడ్మిన్, వర్చువల్‌మిన్ వంటివి తయారుచేసుకున్నాయి. ధర పెరిగినప్పుడు డైరెక్ట్‌అడ్మిన్‌కు కొందరైనా వెళ్ళగలిగారంటే అందుకు ఆ ఫైలు నమూనాయే కారణం. అంటే ఉచితమా, ఖరీదా అన్న విభజన ఇక్కడ పనికిరాదు. సోర్స్ కోడ్ చేతిలో ఉన్నా, బ్యాకప్‌ను తాను తప్ప మరెవరూ చదవలేని పద్ధతిలో తీసే ఉచిత ప్యానెల్ కన్నా, మూసిన కోడ్ అయినా అందరూ చదవగల బ్యాకప్ ఇచ్చే ప్యానెల్ వాడకందారుకు ఎక్కువ స్వేచ్ఛ ఇస్తుంది. ఈ అభ్యంతరం వాదనను బలహీనపరచడం లేదు, పదును పెడుతోంది. చూడాల్సింది లైసెన్సు పేరును కాదు, బ్యాకప్ ఫైలు విప్పితే అందులో ఏముంది, దాన్ని ఇంకెవరు చదవగలరు అన్నదాన్ని. దీనికి ఒక మినహాయింపు కూడా గుర్తుంచుకోవాలి. షేర్డ్ హోస్టింగ్‌లో ఒక్క అకౌంట్ మాత్రమే ఉన్న కస్టమర్ ఆ పూర్తి బ్యాకప్‌ను డౌన్‌లోడ్ చేసుకోగలడు గానీ తనంతట తాను తిరిగి ఎక్కించుకోలేడు. అది రూట్ అధికారం ఉన్నవాళ్ళ పని. సైట్‌గ్రౌండ్, హోస్టింగర్ వంటి కంపెనీలు సొంతంగా తయారుచేసుకున్న ప్యానెళ్ళలో చేరేవాళ్ళు ఫైళ్ళు, ఎస్‌క్యూఎల్ డంప్, మెయిల్‌బాక్సులు విడివిడిగా ఎలా బయటికి తీయాలో చేరేముందే చూసుకోవాలి. ఆ ప్యానెల్‌ను మరో చోట కొనడం సాధ్యం కాదు.

భద్రత విషయానికి వస్తే బయటి దారి అవసరం ఇంకా తీవ్రంగా తెలుస్తుంది. ప్యానెల్ రూట్ అధికారంతో నడుస్తుంది, ఇంటర్నెట్‌కు తెరిచి ఉంటుంది. ఇంటి తాళాలన్నీ ఒకే గుత్తిగా కట్టి వీధి గుమ్మం పక్కన తగిలించినట్టు, దాని లాగిన్ పేజీ వెనకే సర్వర్ సర్వస్వమూ ఉంటుంది. 2018లో వెస్టా అనే ప్రజాదరణ పొందిన ఉచిత ప్యానెల్ మీద ఏప్రిల్‌లో దాడి జరిగి, పట్టుబడ్డ సర్వర్లను ఇతరులపై దాడులకు వాడుకున్నారు. అదే ఏడాది అక్టోబరులో మరో నిజం బయటపడింది. వెస్టా అధికారిక ఇన్‌స్టాలర్‌నే ఎవరో మార్చేశారు. కొత్తగా ప్యానెల్ పెట్టుకున్న ప్రతివాళ్ళ అడ్మిన్ పాస్‌వర్డూ దొంగల చేతికి వెళ్ళేది. వెబ్‌మిన్ సంగతి మరీ విచారకరం. దాని బిల్డ్ సర్వర్‌లోకి చొరబడ్డవాళ్ళు పాస్‌వర్డ్ మార్చే స్క్రిప్టులో దొంగదారి పెట్టారు. బహిరంగంగా కనిపించే సోర్స్‌లో అది లేదు, డౌన్‌లోడ్ చేసుకునే ప్యాకేజీల్లో ఉంది. 2018లో చేరిన ఆ దారి 2019 ఆగస్టు దాకా ఎవరి కంటా పడలేదు. కోడ్ బహిరంగంగా ఉంటే తప్పులు వాటంతటవే దొరుకుతాయన్న ధీమా ఇక్కడ నిలవలేదు. 2024 అక్టోబరులో సైబర్‌ప్యానెల్‌లో లాగిన్ కూడా లేకుండా రూట్‌గా కమాండ్లు నడపగల లోపం బయటికొచ్చింది. అప్పటికి ఇంటర్నెట్‌లో కనిపిస్తున్న సుమారు 22,000 సర్వర్లు ప్రమాదంలో పడ్డాయి. రోజుల వ్యవధిలో రాన్సమ్‌వేర్ ముఠాలు వాటి మీద పడి ఫైళ్ళకు తాళం వేశాయి.

దీన్నిబట్టి డబ్బు చెల్లించే ప్యానెల్ సురక్షితం, ఉచితం ప్రమాదం అని తేల్చేయడం తొందరపాటు. 2013 ఫిబ్రవరిలో సీప్యానెల్ సపోర్టు విభాగంలోని ఒక సర్వర్‌లోకి చొరబాటు జరిగి, గత ఆరు నెలల్లో సపోర్టు టికెట్ పెట్టినవాళ్ళంతా రూట్ పాస్‌వర్డ్ మార్చుకోవాలని కంపెనీయే చెప్పాల్సి వచ్చింది. అయితే వాణిజ్య ప్యానెళ్ళకు ఒక నిజమైన మేలు ఉంది, దాన్ని తక్కువ చేయకూడదు. అప్‌డేట్ల క్రమశిక్షణ అది. సీప్యానెల్ రోజూ రాత్రి తనను తాను అప్‌డేట్ చేసుకుంటుంది. 2019 జూన్‌లో ఎగ్జిమ్ మెయిల్ సర్వర్‌లో దూరం నుంచే రూట్ అధికారం చిక్కే లోపం బయటపడినప్పుడు, యజమాని నిద్రలో ఉన్నా సర్వర్‌కు మందు పడే ఏర్పాటు అందులో ఉంది. దీనికి వ్యతిరేకమైన ఉదాహరణ కంట్రోల్ వెబ్ ప్యానెల్. అందులోని ఒక లోపానికి సవరణ 2022 అక్టోబరులోనే వచ్చింది. వివరాలు 2023 జనవరిలో బయటికొచ్చిన కొద్ది రోజులకే, అప్‌డేట్ చేసుకోని సర్వర్ల మీద దాడులు మొదలయ్యాయి. కాబట్టి అప్‌డేట్లను చూసుకునే మనిషి లేని చోట లైసెన్సుకు పెట్టే డబ్బు వృథా కాదు. ఏ ప్యానెల్ అయినా దాని పోర్టును అందరికీ తెరిచి ఉంచాల్సిన పని లేదు. సీప్యానెల్ అడ్మిన్ భాగం 2087, ప్లెస్క్ 8443, డైరెక్ట్‌అడ్మిన్ 2222, వెబ్‌మిన్ 10000 పోర్టులో వింటాయి. ఒకే సంస్థ వాడే సర్వర్ అయితే ఫైర్‌వాల్‌లో వీటిని ఆఫీసు ఐపీకో వీపీఎన్‌కో పరిమితం చేయడం పది నిమిషాల పని. పైన చెప్పిన దాడుల్లో చాలావాటిని ఆ పది నిమిషాలు ఆపేవి.

వెస్టా కథలోనే మరో పాఠం కూడా ఉంది. ఆ ప్యానెల్ నిర్వహణ కుంటుపడిన కాలంలో కొందరు డెవలపర్లు దాని కోడ్‌ను తీసుకుని హెస్టియా పేరుతో వేరే దారి పట్టారు. అది ఇప్పటికీ చురుగ్గా సాగుతోంది. స్వేచ్ఛా లైసెన్సు విలువ ఇలాంటి చోటే తెలుస్తుంది: యజమాని చేతులెత్తేసినా వస్తువు చచ్చిపోదు. కోబాల్ట్ కోడ్ బ్లూఆనిక్స్‌గా బతకడమూ ఇదే. ఉచిత ప్యానెళ్ళను రేపెవరు చూసుకుంటారు అని అడిగేవాళ్ళకు ఇది సగం సమాధానం. మిగతా సగం ఆ ప్రశ్నలోనే ఉంది. ఒకరిద్దరు మాత్రమే నడిపే ప్రాజెక్టులో సవరణలు ఆలస్యమవుతాయి. విడుదలల చరిత్ర చూసి, భద్రతా లోపం ప్రకటించిన తర్వాత ఎన్ని రోజులకు సవరణ వచ్చిందో గమనించి గానీ దిగకూడదు.

ప్యానెల్ ఒంటరిగా నిలబడదు, కింద ఆపరేటింగ్ సిస్టం ఉంటుంది. 2020 డిసెంబరులో రెడ్ హ్యాట్ సెంట్‌ఓఎస్ 8 మద్దతును 2021 చివరికే ముగిస్తామని చెప్పినప్పుడు హోస్టింగ్ రంగం అంతా కంగుతిన్నది. సీప్యానెల్ సర్వర్లలో అత్యధికం సెంట్‌ఓఎస్ కుటుంబం మీదే ఉండేవి. ఆల్మాలైనక్స్, రాకీ లైనక్స్ ఆ ఖాళీని పూరించాయి, సీప్యానెల్ ఉబుంటును కూడా చేర్చుకుంది. 2024 జూన్ 30న సెంట్‌ఓఎస్ 7 గడువు ముగిసేలోగా లెక్కలేనన్ని సర్వర్లు మళ్ళీ మారాల్సి వచ్చింది. ఒకే ఆపరేటింగ్ సిస్టంకు కట్టుబడిన ప్యానెల్ ఇలాంటి ప్రతి మలుపులోనూ యజమానిని తనతో లాక్కెళ్తుంది. హెస్టియాకు డెబియన్, ఉబుంటులు. ఐఎస్‌పీకాన్ఫిగ్‌కు కూడా ప్రధానంగా అవే. విండోస్ సర్వర్ తప్పనిసరైన చోట పెద్ద ప్యానెళ్ళలో మిగిలేది ప్లెస్క్ ఒక్కటే. అక్కడ ఎంపిక గురించి చర్చ అంతటితో ముగుస్తుంది.

అసలు ప్యానెల్ ఎందుకు, ఎన్‌జిన్‌ఎక్స్ కాన్ఫిగరేషన్ నాలుగు లైన్లు చేత్తో రాసుకుంటే పోదా అనే అభ్యంతరం అనుభవజ్ఞుల నుంచి వస్తుంది. ఒకటి రెండు సైట్లు, చూసుకోవడానికి తెలిసిన మనిషి ఉన్నచోట ఆ మాట పూర్తిగా సరైనది. ప్యానెల్ లేకపోతే దాడికి గురయ్యే భాగమూ తగ్గుతుంది, వదిలి వెళ్ళాల్సినదీ ఏమీ ఉండదు. ఆ లెక్క మారేది రెండు సందర్భాల్లో. ఒకటి, సర్వర్‌లో ఒకరికొకరు తెలియని పదిమంది కస్టమర్లు ఉన్నప్పుడు. ఒకరి సైటులోకి దొంగ దూరితే పక్కవాళ్ళ ఫైళ్ళు కనిపించకూడదు, ఒకరి సైటుకు రద్దీ పెరిగితే మిగతావాళ్ళ సైట్లు నత్తనడక నడవకూడదు. 2010లో వచ్చిన క్లౌడ్‌లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టం ఈ పని కోసమే పుట్టింది, పెద్ద వాణిజ్య ప్యానెళ్ళతో కలిసి పనిచేస్తుంది. షేర్డ్ హోస్టింగ్ అమ్మేవాళ్ళకు ఈ ఒక్క కారణమే చాలాసార్లు ప్యానెల్‌ను నిర్ణయిస్తుంది. రెండోది ఈమెయిల్. ప్యానెల్ మీద ఆధారపడటానికి అసలు కారణం చాలామందికి వెబ్‌సైటు కాదు, మెయిలే. పోస్ట్‌ఫిక్స్, డవ్‌కాట్, స్పామ్ వడపోత, డీకిమ్ సంతకం, వెబ్‌మెయిల్ అన్నీ కలిపి చేత్తో అమర్చడం ఓపికకు పరీక్ష.

అయినా మెయిల్‌ను అదే సర్వర్‌లో పెట్టుకోవాలా అన్నది విడిగా ఆలోచించాల్సిన సంగతి. అమెజాన్, గూగుల్ క్లౌడ్‌లలో మెయిల్ బయటికి వెళ్ళే 25వ పోర్టు మామూలుగా మూసే ఉంటుంది. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ పెద్దఎత్తున మెయిళ్ళు పంపేవాళ్ళకు, మెయిల్ నిజంగా ఆ డొమైన్ నుంచే వచ్చిందని తేల్చే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ మూడూ తప్పనిసరి చేశాయి. మెయిల్‌నూ డీఎన్ఎస్‌నూ వెబ్ సర్వర్ నుంచి వేరుచేసి వేరే సేవలకు అప్పగిస్తే ప్యానెల్ చేతిలో మిగిలేది వెబ్‌సైటూ డేటాబేసూ మాత్రమే. అప్పుడు ఏ ప్యానెల్ అయినా సరిపోతుంది, ఏ ప్యానెల్‌నైనా ఒక పూటలో వదిలేయవచ్చు. ఒక్కో మెయిల్‌బాక్సుకు నెలనెలా డబ్బు కట్టాలి గదా అని చిన్న సంస్థలు అడ్డుచెబుతాయి. ఆ ఖర్చు నిజమే. యాభై మంది ఉద్యోగులున్న స్కూలుకో ఆస్పత్రికో అది భారమే అవుతుంది. అలాంటివాళ్ళు మెయిల్‌ను ప్యానెల్‌లోనే ఉంచుకున్నా, నేమ్‌సర్వర్లను మాత్రం బయట పెట్టుకుంటే మేలు. సీప్యానెల్ జోన్లలో మామూలుగా ఉండే టీటీఎల్, అంటే పాత చిరునామాను ఇతర సర్వర్లు గుర్తుంచుకునే గడువు, 14,400 సెకన్లు, అంటే నాలుగు గంటలు. తరలింపుకు ఒకరోజు ముందే దాన్ని 300కు తగ్గిస్తే లోకం కొత్త చిరునామాకు నిమిషాల్లో చేరుతుంది. సర్వరే కుప్పకూలిన రోజున, ఆ జోన్ కూడా అదే సర్వర్‌లో ఉంటే దాన్ని తగ్గించే అవకాశమే ఉండదు.

భారతదేశంలో సర్వర్ నడిపేవాళ్ళు ప్యానెల్ లాగ్‌ల సంగతి కూడా ముందే చూసుకోవాలి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సైబర్ ఘటనను గుర్తించిన 6 గంటల్లో తెలియజేయాలి, లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి. హోస్టింగ్ కంపెనీ హైదరాబాదులో ఉన్నా విశాఖలో ఉన్నా ఇది వర్తిస్తుంది. డిస్కు నిండకుండా లాగ్‌లను త్వరగా చెరిపేసే ఏర్పాట్లు చాలా ప్యానెళ్ళలో ఉంటాయి. వాటిని మార్చి లాగ్‌లను వేరే మెషీన్‌కు పంపే పద్ధతి ఉందా అన్నది చూసి తీసుకోవాలి.

ఇంతా చెప్పాక మిగిలేది, బయటపడే దారి నిజంగా ఉందో లేదో తేల్చుకోవడం. వెబ్‌సైటు పేజీలో వలస సౌకర్యం కలదు అని రాసినంత మాత్రాన నమ్మకూడదు. గంటల లెక్కన అద్దెకు దొరికే రెండు చిన్న వర్చువల్ సర్వర్లు తీసుకుని, ఒకదానిలో ఎంచుకోబోయే ప్యానెల్, రెండోదానిలో వేరే ప్యానెల్ పెట్టి, ఒక నమూనా సైటును మెయిల్‌బాక్సులతో సహా తరలించి చూడాలి. మెయిల్ పాస్‌వర్డులు పాతవే పనిచేస్తున్నాయా, క్రాన్ జాబ్‌లు వచ్చాయా, సబ్‌డొమైన్లు సరైన ఫోల్డర్లనే చూపిస్తున్నాయా, డేటాబేస్ యూజర్ పేరు ముందు ప్యానెల్ తగిలించే ప్రిఫిక్స్ మారి సైటు కనెక్షన్ తెగిపోయిందా అన్నవి అక్కడ తేలతాయి. తెలుగు సైట్లకు ఇంకో పరీక్ష ఉంది. 2007లో వర్డ్‌ప్రెస్ 2.2 రాకముందు సొంత హోస్టింగ్‌లో మొదలైన తెలుగు బ్లాగుల్లో అక్షరాలు యూటీఎఫ్-8 బైట్లుగానే ఉన్నా, వాటిని దాచిన టేబుళ్ళు లాటిన్1 అని నమోదై ఉంటాయి. పాత సర్వర్‌లో కనెక్షన్ కూడా లాటిన్1 కావడంతో రెండు తప్పులూ ఒకదాన్నొకటి కప్పిపుచ్చుకుని పేజీ చక్కగా కనిపిస్తుంది. కొత్త సర్వర్‌లో కనెక్షన్ యూటీఎఫ్8ఎంబీ4గా మొదలైతే, ప్రతి తెలుగు అక్షరం చోటా నెత్తిన గీత ఉన్న లాటిన్ ఏ అక్షరం, దాని పక్కన డిగ్రీ గుర్తో ప్లస్-మైనస్ గుర్తో, ఆ వెనక మరో పిచ్చి గుర్తూ వచ్చి పడతాయి. డేటా పోలేదు. డంప్‌ను లాటిన్1గానే తీసి, ఆ ఫైలులో టేబుళ్ళ వర్ణనలో ఉన్న లాటిన్1 మాటను యూటీఎఫ్8ఎంబీ4గా మార్చి, యూటీఎఫ్8ఎంబీ4 కనెక్షన్‌తో ఎక్కిస్తే మళ్ళీ తెలుగు కనిపిస్తుంది. ఏ ప్యానెల్ వలస సాధనమూ ఈ మార్పును తనంతట తాను చేసిపెడుతుందని అనుకోకూడదు. కొత్త సర్వర్‌లో ఎవరైనా నాలుగు కొత్త పోస్టులు రాసేస్తే పాతవీ కొత్తవీ కలిసిపోయి దిద్దడం పదింతలు కష్టమవుతుంది కాబట్టి, పాత సర్వర్‌ను ఆపేముందే ఆ సైటులో అన్నిటికన్నా పాత పోస్టును తెరిచి చదవాలి.